నీలి వెలుగు గది

తఫీదా రెండో కడ్డీని మందునీళ్ళలోంచి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. జానెడు పొడవు, బొటనవేలంత లావు, గాజు లాంటి నునుపు. మరకేమీ లేదు. అయినా తెల్లగుడ్డతో ఇంకోసారి తుడిచి, ట్రేలో మొదటి కడ్డీ పక్కన పెట్టింది. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. మొదటిదాని చివర చిన్న చుక్క, రెండోదాని చివర చిన్న గీత. మీట నొక్కితే రెండింట్లోంచీ నీలం వెలుగే వస్తుంది. చుక్క కడ్డీలోంచి వచ్చేది మందు. గీత కడ్డీలోంచి వచ్చేది ఉత్త రంగు.

ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆడవాళ్ళకు ఆ దీపం పెట్టే డాక్టర్ రిహాబ్, కడ్డీలు కడిగి అందించే ఆయా తఫీదా.

బయట సన్నగా వాన పడుతోంది. ఈజిప్టులో ఈ మిల్లుల ఊరు మహల్లాలో చలికాలం వానంటే రోడ్లన్నీ నల్లటి రొచ్చే. మిల్లులో రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్ళు కొందరు అప్పుడే వరండాలో బెంచీ మీద చేరారు. తలగుడ్డల అంచులకు పత్తి నూగు అంటుకుని ఉంది. అందరూ నేలకేసి చూస్తూ కూర్చున్నారు. ఈ గది ముందు కూర్చున్నవాళ్ళు ఎదురుగా ఉన్న మనిషి మొహంలోకి చూడరు. అందరిదీ ఒకటే జబ్బని అందరికీ తెలుసు.

తెల్లబట్ట, దురద, వాసన. మాత్రలు వాడితే తగ్గుతుంది, మానగానే మళ్ళీ వస్తుంది. అలా తిరగబెట్టే వాళ్ళకు ఈ నీలి వెలుగు పని చేస్తుందో లేదో తేల్చడానికే రిహాబ్ ఈ పరీక్ష పెట్టింది. సగంమందికి చుక్క కడ్డీ, సగంమందికి గీత కడ్డీ. ఎవరికి ఏది అన్నది ఆ ఆడవాళ్ళకు చెప్పరు. దూదిపుల్లల మీద తీసిన తేమను అవతలి భవనంలో చూసే పెద్ద ప్రొఫెసర్‌కూ చెప్పరు. మొదటిరోజు తఫీదాకు రిహాబ్ విడమరిచి చెప్పింది. "ఒక ముద్దలో పులిసిన పిండి కలుపుతాం, ఒక ముద్దలో కలపం పిన్నీ. రెండూ ఒకే పొయ్యిలో పెడితేనే కదా, రొట్టె పొంగింది పిండి వల్లా, పొయ్యి వేడి వల్లా అని తేలేది." తఫీదాకు అది న్యాయంగానే తోచింది. ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది.

ప్రతి మనిషికీ మొదట్లో కాగితం చదివి వినిపించారు. మీకు వచ్చేది ఉత్త రంగు కావచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు, చివర్లో తగ్గకపోతే మామూలు మందు ఇస్తాం అని. అందరూ తల ఊపారు, వేలిముద్ర వేశారు. ప్రతి ఒక్కరూ తమకు వచ్చింది అసలు దీపమే అనుకున్నారు.

తఫీదా పరదా సర్ది, హీటర్ మీట వేసింది. పొట్టి మనిషి. ఎడమ మోకాలు సరిగా వంగక, కాస్త పక్కకు ఒరిగి నడుస్తుంది. ఉద్యోగ విరమణ దగ్గరపడింది. గౌను అంచులు టీ రంగుకు తిరిగినా, గడ్డం కింద పిన్ను పెట్టుకునే తలగుడ్డ మాత్రం ఎప్పుడూ మల్లెపువ్వులా ఉంటుంది. మందునీళ్ళలో నాని నాని చేతుల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడింది. ఆసుపత్రిలో ఆమెకు శత్రువుల్లేరు, స్నేహితులూ లేరు. టీ తాగేటప్పుడు అందరూ బల్ల చుట్టూ కూర్చుంటే ఆమె గుమ్మంలో నిలబడి తాగుతుంది. మైక్రోబస్సులో కిటికీ పక్క సీటు దొరికితేనే ఎక్కుతుంది, ఎంత చలైనా అద్దం కాస్త తీసి ఉంచుతుంది. చెల్లెలు మక్కాకు ఉమ్రా యాత్రకు వెళ్తూ రమ్మని బతిమాలితే మోకాలు నొప్పని తప్పించుకుంది. ఇదంతా ఆమె వినయమని, ఒంటరి మనుషుల చాదస్తమని చుట్టుపక్కలవాళ్ళు సరిపెట్టుకున్నారు.

మొదట ఉమ్మ్ హషీమ్ లోపలికొచ్చింది. నూలు వడికే షెడ్డులో పనిచేసే భారీ మనిషి. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"నిన్న రాత్రి మా ఆయనకి చెప్పేశాను తఫీదా, లోపల కరెంటు దీపం పెట్టించుకుంటున్నానని. ఏమన్నాడో తెలుసా? బిల్లు ఎవరి పేరు మీద వస్తుందని అడిగాడు."

పరదా వెనక రిహాబ్ నవ్వు వినిపించింది. తఫీదా కూడా నవ్వింది, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని.

"దురద ఎలా ఉంది?" అని రిహాబ్ అడిగింది.

"దురదా? మూడేళ్ళ తరవాత నిన్ననే నిద్రపోయాను తల్లీ. పొద్దున ఆయనే లేచి బీన్స్ ఉడకేశాడు, నన్ను లేపడానికి మనసొప్పక."

ఉమ్మ్ హషీమ్‌ది చుక్క కడ్డీ. ఆమె వెళ్ళేటప్పుడు తఫీదా గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకోబోయింది. తఫీదా మెల్లిగా వెనక్కి జరిగి, చెప్పులు వంగి అందించింది.

ఆ తరవాత మరికొందరు వచ్చారు, వెళ్ళారు. సబ్రీన్ వచ్చేసరికి వాన కాస్త వెలిసింది.

సన్నగా, మెడ పొడుగ్గా ఉండే పిల్ల. తువ్వాళ్ళకు అంచులు కుట్టే విభాగంలో పని. ఇవాళ మేజోళ్ళు లేకుండా తడి బూట్లలోనే వచ్చింది. కళ్ళ కింద వాపు. పరదా వెనక బల్ల అంచున కూర్చుని, బూట్లు విప్పకుండా అడిగింది.

"ఇవాళ్టితో తగ్గిపోతుంది కదా పిన్నీ?"

"అది డాక్టరమ్మ చెప్పాలి తల్లీ."

"శుక్రవారం లోపల తగ్గాలి."

"శుక్రవారం ఏముంది?"

సబ్రీన్ పరదాకేసి చూసి గొంతు తగ్గించింది. "మా అత్త మా ఆయన రిజ్క్‌ని తీసుకుని వాళ్ళ అన్నయ్యగారింటికి వెళ్తోంది. వాళ్ళ పిల్లని రెండో పెళ్ళికి ఖాయం చేసుకోవడానికి. మాట ఖాయమైనట్టు ఫాతిహా కూడా చదివేసి వస్తారట."

"మీ ఆయనేమంటాడు?"

"తగ్గిందని ఆస్పత్రి కాగితం తెస్తే అమ్మతో మాట్లాడతానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ముక్కు మీద చెయ్యి తియ్యలేదు." వంగి ఒక బూటు విప్పింది. "వంటింట్లో పడుకోమన్నారు. నా కంచం వేరు, నా గ్లాసు వేరు. నా బట్టలు వాళ్ళ బాల్చీలో వెయ్యకూడదు. మొన్న నేను కూర్చున్న సోఫా గుడ్డ తీసి బాల్కనీలో ఎండేసింది, వీధంతా చూసేట్టు."

తఫీదా ట్రే మీది గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"కానీ తగ్గింది పిన్నీ. నాకు తెలుస్తోంది. ముందంత లేదు."

తగ్గలేదు. ప్రతిసారీ ఆమె కింద పరిచిన గుడ్డను తీసి ఉతుక్కి వేసేది తఫీదాయే. సబ్రీన్‌ది గీత కడ్డీ.

"నువ్విలా కూర్చో. ఇప్పుడే వస్తాను," అని తఫీదా పక్కగదిలోకి వెళ్ళింది.

రిహాబ్ బల్ల దగ్గర నిలబడే బీన్స్ రొట్టె తింటోంది. ముప్పై దాటిన మనిషి, పొద్దున్నే పాపను తల్లి దగ్గర వదిలి టంటా నుంచి వస్తుంది. కళ్ళజోడు కింద ఎప్పుడూ నిద్ర చాలని మొహం. ఈ ఆసుపత్రిలో తఫీదాను పిన్నీ అని పిలిచిన మొదటి డాక్టర్ ఆమే.

"డాక్టరమ్మా, సబ్రీన్‌కి మామూలు మందు ఇచ్చేయండి."

"ఏం, మంటగా ఉందటనా?"

తఫీదా విన్నదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ చూపు ఆ డాక్టర్ చేతిలోని రొట్టె మీదే ఉంచింది. రిహాబ్ రొట్టెను కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది.

"వచ్చే వారంతో ఆమె వంతు అయిపోతుంది పిన్నీ. ఆ రోజే నా చేత్తో మందిస్తాను."

"శుక్రవారం దాటాక ఆ మందు ఏం చేసుకుంటుంది?"

రిహాబ్ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "ఎంతమంది మానేశారో నువ్వు చూస్తూనే ఉన్నావు. ఒకామెని మొగుడు రానివ్వలేదు, ఒకామెకి నెల తప్పింది, ఒకామె ఊరే వదిలి పోయింది. ఇంకొందరు పోతే అవతలి భవనం పెద్దాయన ఇదంతా చెల్లదంటారు. మళ్ళీ మొదటికొస్తుంది. ఉమ్మ్ హషీమ్‌ని చూశావుగా. అలాంటి నిద్ర ఇంకెంతమందికి కావాలి?"

అదీ నిజమే. రెండు నిజాలు ఒకేసారి ఎదురొస్తే ఎటు తప్పుకోవాలో తఫీదాకు ఎప్పుడూ తెలియలేదు. అలాంటప్పుడు నోరు మూసుకోవడమే ఆమెకు అలవాటు. ఇవాళ మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

రిహాబ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఆమె మానేస్తానంటే నేను ఆపను. ఆపే హక్కు నాకు లేదు. వెళ్ళి అదే చెప్పు. మానేస్తే ఇవాళే మందిస్తానని చెప్పు. కానీ ఏ దీపమో మాత్రం చెప్పకు పిన్నీ. ఒక్కరికి చెబితే మధ్యాహ్నానికల్లా బెంచీ మీద అందరికీ తెలిసిపోతుంది."

"చెప్పను," అంది తఫీదా.

సబ్రీన్ అప్పటికే గౌను మార్చుకుని బల్ల మీద పడుకుని ఉంది. తఫీదా దుప్పటి కప్పుతూ, వంగి చెవి దగ్గర చెప్పింది.

"అమ్మాయ్, కావాలంటే నువ్వీ దీపం మానేయొచ్చు. ఇవాళే మామూలు మందు ఇస్తారు. డాక్టరమ్మ ఒప్పుకుంది."

"ఎందుకు మానేయాలి?"

"తొందరగా తగ్గుతుందేమోనని."

"ఆ మాత్రలు ఇదివరకు వాడాను. తగ్గి మళ్ళీ వచ్చింది. ఇదే పని చేస్తోంది." సబ్రీన్ దుప్పటి అంచు గడ్డం దాకా లాక్కుంది. "దీన్నీ తీసెయ్యకు పిన్నీ."

రిహాబ్ వచ్చి, తఫీదా అందించిన గీత కడ్డీ తీసుకుని, చల్లగా తగులుతుందని ముందే చెప్పి, నెమ్మదిగా అమర్చింది. మీట వేసింది. దుప్పటి కింద నీలం వెలుగు, లోతు లేని నీళ్ళలో ఆకాశంలా కనిపించింది. అంతలో అవతలి భవనం నుంచి ఎవరో పిలిస్తే, "పిన్నీ, చూస్తూ ఉండు," అని రిహాబ్ వెళ్ళింది.

తఫీదా ఎప్పటిలాగే స్టూలు లాక్కుని కూర్చుంది. ఎప్పటిలాగే సబ్రీన్ చెయ్యి చాచింది. తఫీదా పట్టుకుంది.

"ఇక్కడికొస్తే నాకు నిద్రొస్తుంది," అంది సబ్రీన్ కళ్ళు మూసుకుని. "ఈ కాసేపు నన్నెవరూ ఏమీ అనరు. లోపల వెచ్చగా ఏదో శుభ్రం అవుతున్నట్టే ఉంటుంది. ఇక్కడ పడుకుని దువా చేసుకుంటాను, ఈ వెలుగు నాలో ఉన్న మురికంతా కాల్చెయ్యాలని."

తఫీదా చేతిలో ఆ చెయ్యి వదులవుతోంది. నిజంగానే నిద్రపోతోంది పిల్ల. ఇంకాసేపట్లో దీపం ఆగుతుంది, రిహాబ్ వస్తుంది, ఈ పిల్ల లేచి తడి బూట్లు తొడుక్కుని ఆ వంటింటికి వెళ్తుంది. గురువారం మళ్ళీ వచ్చి ఇదే వెలుగు కింద పడుకుంటుంది. శుక్రవారం వాళ్ళు వెళ్ళి ఫాతిహా చదివి వస్తారు. ఈ పిల్ల తనని తానే తిట్టుకుంటుంది. దేవుడి వెలుగుతో కూడా పోని మురికి తనదని అనుకుంటుంది.

తఫీదా ఏనాడూ ముట్టని మీట మీద చెయ్యి వేసి కిందకు నొక్కింది. నీలం ఆరిపోయింది.

సబ్రీన్ కళ్ళు తెరిచింది. "అయిపోయిందా?"

"ఇది ఉత్త రంగు తల్లీ. ఇందులో మందు లేదు."

"ఏమిటి?"

"మొదట్లో కాగితంలో చదివారు చూడు, సగంమందికి ఉత్త దీపమని. నీకు వచ్చింది అదే. ఇవాళే కాదు, మొదట్నుంచీ."

సబ్రీన్ చూపు పైకప్పు మీదికి తిప్పుకుంది.

"నీకు తెలుసా? మొదట్నుంచీ?"

"తెలుసు."

"మరి నా చెయ్యి ఎందుకు పట్టుకున్నావు?"

సబ్రీన్ తన చెయ్యి విదిలించుకోలేదు. ఒక్కొక్క వేలే విడిపించుకుని, దుప్పటి లోపలికి తీసుకుంది.

రిహాబ్ తిరిగొచ్చేసరికి ఆమె బట్టలు మార్చుకుని నిలబడి ఉంది. రిహాబ్ ఆరిన దీపాన్ని చూసింది, తఫీదాను చూసింది.

"నేను మానేస్తున్నాను," అంది సబ్రీన్. "నాకు మందివ్వండి."

రిహాబ్ ప్రశ్నలేమీ వెయ్యలేదు. బీరువా తెరిచి లోపల పెట్టుకునే మాత్రల డబ్బా తీసింది, ఎలా వాడాలో చెప్పింది, మధ్యలో ఆపొద్దని, తిరగబెడితే సిగ్గుపడకుండా రమ్మని చెప్పింది. తరవాత కలం అందుకుంది. "వైద్యం జరుగుతోందని కాగితం రాసిస్తాను. ఇది మురికి కాదని, అంటరాని జబ్బు కాదని రాస్తాను. మీ ఇంట్లో చూపించు."

"కాగితం వద్దు."

"మీ ఆయన అడిగాడన్నావట."

"అడిగాడు." సబ్రీన్ మాత్రల డబ్బాను చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగింది. "నాకు తగ్గితే నాకు తెలుస్తుంది. వాళ్ళకి కాగితం ఎందుకు చూపించాలి?"

తఫీదా వైపు చూడకుండానే ఆమె వెళ్ళిపోయింది.

తఫీదా కిటికీ దగ్గరికి నడిచింది. సబ్రీన్ గేటు దాటి, రొచ్చులో ఇటుకల మీద అడుగులేస్తూ రోడ్డెక్కింది. అత్తవారిల్లు ఊళ్ళోనే, సూక్ అల్-లబన్ వైపు. అటు వెళ్ళే బండ్లు ఈవైపే ఆగుతాయి. ఒకటి వచ్చి ఆగింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. సబ్రీన్ రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్ళి నిలబడింది. అక్కడ ఆగేవి సమన్నూద్ బండ్లు. సమన్నూద్‌లో ఆమె తల్లి ఉందని తఫీదాకు తెలుసు. బండి వచ్చింది. అది కదిలాక రోడ్డు పక్క ఎవరూ లేరు.

మిగిలినవాళ్ళ పని మామూలుగానే సాగింది. చివరి మనిషి వెళ్ళాక, తఫీదా కడ్డీలను మందునీళ్ళలో ముంచి, చేతులు తుడుచుకుని, రిహాబ్ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నేనే చెప్పాను డాక్టరమ్మా. ఏ దీపమో కూడా చెప్పాను."

"తెలుసు."

"మాటిచ్చి తప్పాను."

"నేను పెద్దాయనకి రాయాలి పిన్నీ. దాచడం నా వల్ల కాదు. దాస్తే మిగతా ఆడవాళ్ళ ఫలితాలన్నీ అబద్ధమవుతాయి." రిహాబ్ కలం మూత తీసి మళ్ళీ పెట్టింది. "రేపట్నుంచి నువ్వీ గదిలోకి రాకూడదు. కింద బట్టలు ఉడికించే చోట వెయ్యమంటాను. ఉద్యోగం పోగొట్టుకునేంత మాట రాకుండా చూస్తాను."

"రాయండి. మీ తప్పేం లేదు."

"ఎందుకు చేశావు? ఆమె తనంతట తనే మానేసే దారి ఉందిగా. ఇంకో రెండు రోజులు నచ్చజెప్పి చూడొచ్చుగా."

తఫీదా గుమ్మంకేసి చూసింది, వెళ్ళిపోదామన్నట్టు. తరవాత వెళ్ళకుండా, అక్కడే నిలబడి చెప్పింది.

"ఆ వంటిల్లు నాకు తెలుసు."

"రిజ్క్ వాళ్ళిల్లా?"

"కాదు. నాది." ఆమె తన చేతులకేసి చూసుకుంటూ మాట్లాడింది. "మా ఆయన మిత్వల్లి నేత షెడ్డులో ఉండేవాడు. పెళ్ళైన రెండో ఏడు మొదలైంది నాకు. మా అత్త గుమ్మంలో సాంబ్రాణి వేసేది, నేను నడిచిన చోటల్లా. అప్పుడీ ఆస్పత్రిలో ఆడ డాక్టర్లు లేరు. మగవాడికి చూపిస్తే చంపేస్తానన్నాడు ఆయన. కడుక్కున్నాను. సబ్బుతో, వెనిగర్‌తో, సోడాతో. ఆయన ఇంకో పెళ్ళి చేసుకుని వేరే వీధికి మారిపోయాడు. విడాకులివ్వలేదు. మంచివాడే, నన్ను గెంటెయ్యలేదని ఊళ్ళో అన్నారు. ఇక్కడ మందునీళ్ళు దొరుకుతాయని నేను ఈ పనిలో చేరాను. ఆయన పోయాడని పాతిపెట్టాకే నాకు తెలిసింది. మంచం దగ్గరికి రానిస్తే వాసనొస్తుందనుకున్నారేమో."

వరండాలో ఎవరో తడి గుడ్డ పెడుతున్న చప్పుడు వచ్చి ఆగింది.

"ఇప్పటికీ కడుక్కుంటున్నావా?"

"పొద్దునా సాయంత్రం. ప్రతి నమాజుకీ ముందు."

"మందునీళ్ళతోనా?"

"సీసాలో కాస్త పట్టుకెళ్తాను. అడక్కుండానే తీసుకెళ్ళాను. అదీ రాయండి."

రిహాబ్ లేచింది. పరదా దగ్గరికి వెళ్ళి పక్కకు లాగింది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచింది. ఆ పని రోజూ తఫీదాది.

"పడుకో పిన్నీ."

"వద్దు డాక్టరమ్మా. ఈ వయసులో."

"ఈ బల్ల పక్కన ఎన్నేళ్ళుగా నిలబడుతున్నావు? ఒక్కసారన్నా ఎక్కావా?"

తఫీదా ఊలు స్వెట్టర్ విప్పి పక్కన పెట్టింది. తరవాత తలుపు గడియ పడిందో లేదో చూసుకుని, మోకాలు కూడదీసుకుని స్టూలు మీద కాలు పెట్టింది. ఎన్ని వందల మందిని ఆ స్టూలు మీదుగా ఎక్కించిందో. అది అంత ఊగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

రెక్సిన్ చల్లదనం గుడ్డలోంచి వీపుకు తగిలింది. తల వాల్చితే మెడ కిందా తల కిందా ఏమీ లేదు. తల వెనక్కి జారి మెడ పట్టేసింది. పైన ఎప్పుడో ఫాన్ ఉన్న చోట తుప్పు కొక్కెం, దాని చుట్టూ చెమ్మ దిగిన మరక. ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళు పళ్ళు బిగపట్టి చూసేది దీన్నన్నమాట. ఆమె కూడా దాన్నే చూసింది. రిహాబ్ వేళ్ళు ఎంతో జాగ్రత్తగా కదిలాయి.

రిహాబ్ దూదిపుల్ల తీసుకుని మూలనున్న మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. గాజుపలక మార్చి మళ్ళీ చూసింది. వచ్చి దుప్పటి సర్ది, స్టూలు లాక్కుని కూర్చుంది.

"జబ్బేమీ లేదు పిన్నీ."

"వాసన?"

"లేదు. మందునీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు." రిహాబ్ మాటలు ఏరుకుంటూ చెప్పింది. "అప్పట్లో ఏదో ఉండే ఉంటుంది. కొద్దిరోజుల మాత్రలతో పోయేదే. ఎప్పుడో దానంతటదే పోయుంటుంది. ఆ తరవాతదంతా నువ్వు కడిగిన నీళ్ళు చేసిందే. చర్మం కాలి, పగిలి ఉంది. ఆ మంట, ఆ తడి, అంతా దాని వల్లే."

తఫీదా కొక్కెంకేసి చూస్తూనే ఉంది.

"ఎప్పుడు పోయుంటుంది?"

"చెప్పలేను పిన్నీ."

"మిత్వల్లి బతికుండగానేనా?"

రిహాబ్ చేతి తొడుగు తీసేసి, తఫీదా చెయ్యి పట్టుకుంది. తఫీదా పట్టుకోనిచ్చింది. వానకు తడిసిన కిటికీ అద్దంలో సాయంత్రం చీకటి పడుతోంది. కాసేపటికి ఆమె కళ్ళ కొసల నుంచి నీళ్ళు రెండు వైపులా చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీసుకోలేదు.

"ఇక కడక్కు," అంది రిహాబ్. "వట్టి నీళ్ళు చాలు. లేపనం ఒకటి ఇస్తాను, రాత్రిపూట రాసుకో."

"అలాగే."

"రేపు కింద పనిలో చేరేముందు నా దగ్గరికి రా. ఈ గదిలోకి కాదు, పక్కగదిలోకి."

"అలాగే డాక్టరమ్మా."

రిహాబ్ మందు తేవడానికి ఫార్మసీకి వెళ్ళి, అక్కడ వరుసలో నిలబడవలసివచ్చి, తిరిగొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. తాళంచెవులు బల్ల మీద ఉన్నాయి. ట్రేలో కడ్డీలు రెండూ ఆరబెట్టి ఉన్నాయి. హీటర్ ఆపేసి ఉంది. స్టూలు ఊగే కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి ఉంది. రిహాబ్ వరండాలోకి పరుగున వెళ్ళి చూసింది. గేటు దగ్గర కాపలాదారు, తఫీదా ఇప్పుడే వెళ్ళిందని, అంత చలిలో వట్టి గౌనుతో పోతుంటే అడిగినా పలకలేదని చెప్పాడు.

లేపనం గొట్టం చేతిలో పట్టుకుని రిహాబ్ మళ్ళీ గదిలోకొచ్చింది. పరదా తీసే ఉంది. పరీక్ష బల్ల మీద, ఆడవాళ్ళు తల వాల్చే చోట, తఫీదా ముదురు గోధుమరంగు ఊలు స్వెట్టర్, చేతులు లోపలికి మడిచి దిండులా సర్ది, పైన ఉతికిన తెల్లగుడ్డ ముడత లేకుండా పరిచి ఉంది.